పసిపిల్లల ఉక్రోషానికి ఊదే ఆటలు

ఈ శీర్షికకు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఈసారి ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఏడుపో, కోపమో, భయమో పట్టుకున్న చిన్నపిల్లలను నెమ్మదింపజేయడానికి ఊపిరితో ఆడే వస్తువులు, వాసన, చప్పుడు, స్పర్శలతో కూడిన సాధనాలు పనికివస్తాయా, వస్తే ఎలా వాడాలి అని చాలామంది అడిగారు. వాటిలో ఐదు ఉత్తరాలకు, రాసినవారి పేర్లు తీసివేసి, జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. చేతిలోంచి ఫోను తీసుకుంటే చాలు, నేలమీద పడి దొర్లుతాడు. ఇంటర్నెట్‌లో చూసి, లాగితే విచ్చుకొని నొక్కితే ముడుచుకొనే ప్లాస్టిక్ బంతి, మెరుపుపొడి వేసిన నీళ్ల సీసా తెప్పించాను. ఏడుస్తున్నప్పుడు బంతి చూపించి ‘గట్టిగా ఊపిరి పీల్చుకో నాన్నా’ అంటే ఇంకా రెచ్చిపోయి దాన్ని విసిరికొడుతున్నాడు. డబ్బు దండగ చేశానని మా అత్తగారు అంటున్నారు. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?
— ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: బంతిలో పొరపాటేమీ లేదు, దాన్ని అందించిన సమయం కుదరలేదు. కోరికను ఆపుకోవడం, చెప్పినది విని ఆ ప్రకారం చేయడం వంటి పనులు చూసుకొనే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి మనిషికి ఇరవై అయిదేళ్ల వయసు దాకా పడుతుంది. నాలుగేళ్ల బిడ్డలో అది ఇంకా లేతగా ఉంటుంది, పైగా ఉక్రోషం వచ్చిన ఆ కాసేపూ ఉన్న కొద్దిపాటి పట్టు కూడా సడలిపోతుంది. ఈత రానివాణ్ణి నాగావళిలో దింపి, గట్టుమీద నిలబడి ‘చేతులాడించు’ అని కేకవేస్తే ఎంత ఉపయోగమో, దొర్లి ఏడుస్తున్న బిడ్డకు కొత్త వస్తువు చూపించి ఊపిరి పాఠం మొదలుపెట్టడం వల్ల కూడా అంతే ఉపయోగం. ఈ ఆటలు నేర్పవలసింది వాడు కడుపు నిండి, నవ్వుతూ ఉన్న పూట. అలా కనీసం రెండు మూడు వారాలు రోజూ ఆడిన ఆటే, ఏడుపు వచ్చిన పూట వాడికి అందుతుంది.

రెండో సంగతి మీరు వాడుతున్న మాటలో ఉంది. ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అంటే పిల్లలు ఏం చేస్తారో ఒకసారి గమనించండి: భుజాలు చెవులదాకా ఎత్తి, నోరు తెరిచి, గుండె నిండా గాలి లాగి, బిగబట్టి మీ వైపు చూస్తారు. వెక్కి వెక్కి ఏడుస్తున్న బిడ్డ అప్పటికే వేగంగా గాలి లాగుతూ ఉంటాడు కాబట్టి ఆ సలహా వాడికి సాయపడదు. శరీరాన్ని నెమ్మదింపజేసేది ప్రధానంగా బయటికి వదిలే ఊపిరి. గాలి లోపలికి పోతున్నప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది. బయటికి వస్తున్నప్పుడు వేగస్ అనే నాడి ప్రభావం వల్ల కొద్దిగా నెమ్మదిస్తుంది. ఈ తేడా పెద్దలలో కంటే పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి వాడికి చెప్పవలసిన మాట ‘ఊదు’. పీల్చుకోవడం, వదలడం అనేవి పెద్దవాళ్ల మాటలు. ఊదడం మాత్రం నడక వచ్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. మోకాలు గీరుకుపోయినప్పుడు అమ్మ ఉఫ్ ఉఫ్ అనడం, వేడి అన్నం ముద్దను నాయనమ్మ ఊది పెట్టడం చూస్తూనే వాడు పెరిగాడు. పూర్తిగా ఊదినవాడు ఆ తరువాత గాలి పీల్చుకోవడం దానంతటదే జరిగిపోతుంది, దానికి వేరే పాఠం అక్కరలేదు.

మీ ఇంట్లో చోడంబలి, అంటే రాగి అంబలి, కాచే అలవాటు ఉంటే అంతకంటే మంచి సాధనం బజారులో దొరకదని నా అభిప్రాయం. అంబలిని వెడల్పాటి గిన్నెలో పోసి, ఒలికినా చేయి కాలనంతగా చల్లారిన తరువాత వాడి ముందు పెట్టండి. అప్పటికి పైన పలుచని తెట్టు కట్టి ఉంటుంది. మెల్లగా, సన్నగా, ఆపకుండా ఊదితే ఆ తెట్టు ముడతలు పడుతూ గిన్నె అవతలి అంచుకు జరుగుతుంది. ఆత్రంగా ఊదితే అంబలి చిమ్మి ముక్కుమీద పడుతుంది. నా దగ్గరకు వచ్చే ఒక మూడున్నరేళ్ల చిన్నారి మొదటి రోజు ముక్కంతా అంబలి చేసుకొని, నాలుగో రోజుకు పెదవులు సున్నాలా చుట్టి, కళ్లు తెట్టుమీదే నిలిపి, ఒక్క చుక్క చిందకుండా దాన్ని అవతలికి తోసింది. ఎంత మెల్లగా ఊదాలో ఆ పాపకు మేమెవరమూ చెప్పలేదు, గిన్నే చెప్పింది. అంబలి లేని ఇంట్లో పాలగ్లాసు మీది మీగడ కూడా ఆ పని చేస్తుంది.

సబ్బు బుడగలలో ఉన్న గుణమూ ఇదే. పళ్లెంలో కొద్దిగా సబ్బునీళ్లు కలిపి, పాత ప్లాస్టిక్ గాజును అందులో ముంచి తీస్తే దానికి సన్నని పొర పడుతుంది. గట్టిగా ఊదితే పొర పగిలిపోతుంది. నెమ్మదిగా ఊదితేనే ఉబ్బి బుడగ అవుతుంది. మన చిన్నప్పుడు బొప్పాయి ఆకు కాడతో బుడగలు ఊదేవాళ్లం గాని, అయిదేళ్లలోపు పిల్లలకు గొట్టం ఇస్తే ఊదడం మరిచి పీల్చేసి సబ్బునీళ్లు మింగుతారు, అందుకే గాజు నయం.

ఇంగ్లీషు మీడియం బడులలో ‘పువ్వు వాసన చూడు, కొవ్వొత్తి ఊదెయ్’ అని నేర్పుతున్నారు. పద్ధతి మంచిదే కాని, దీపాన్ని ఊది ఆర్పడం ఏ నాయనమ్మకూ నచ్చదు, ఆర్పడం అనే మాట కూడా అనకుండా కొండెక్కిందనే ఇళ్లు మనవి. పైగా నిప్పును ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం పసివాళ్లకు నేర్పకూడని అలవాటు. మల్లెపువ్వు వాసన చూసి అంబలి ఊదితే సరిపోతుంది.

ఇక మీరు కొన్న బంతి. దానిని చూసి మొదట ఊపిరి తీయవలసింది మీరు. వాడు మీ ఒడిలో కూర్చొని బంతిని లాగుతూ నొక్కుతూ ఉంటే, బంతి ముడుచుకుంటున్నంతసేపూ మీరు వినిపించేటట్టు గాలి వదలండి. మూడు నాలుగు సార్లు చాలు. ఇన్ని అంకెలు పీల్చు, ఇన్ని అంకెలు ఆపు, ఇన్ని అంకెలు వదులు అనే లెక్కలు పెద్దలకోసం ఏర్పడినవి. పెద్దవాళ్లు కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, నాలుగేళ్ల బిడ్డ 20 నుంచి 30 సార్లు తీస్తాడు. మీ లెక్క వాడికి ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. మెరుపుల సీసా మూతను గట్టి జిగురుతో అతికించి, మెరుపు అడుక్కు దిగేదాకా ఇద్దరూ కలిసి చూడండి.

నిజంగా ఏడుపు ముంచుకొచ్చినప్పుడు ఏ వస్తువునూ వాడి ముఖం ముందు ఆడించకండి. తల గోడకు, మంచంకోడుకు తగలకుండా చూసుకొని, పక్కనే నేలమీద కూర్చోండి. ‘ఫోను తీసేశానని కోపం వచ్చింది’ అని ఒక్క మాట అని, మీ ఊపిరి మీరు పొడవుగా వదలండి. మనకు తెలుగులో ‘హమ్మయ్య’ అని చక్కని మాట ఉంది. అది పలకాలంటేనే గాలి పొడవుగా బయటికి వస్తుంది. ఏడుపు వెక్కిళ్లలోకి దిగాక ఆ మాట మీరు రెండు మూడు సార్లు అంటే, చాలామంది పిల్లలు తమకు తెలియకుండానే ఒక నిట్టూర్పు విడుస్తారు. అప్పుడు బంతిని అందుబాటులో పెట్టండి, తీసుకోకపోతే వదిలేయండి. ఇదంతా చేశాక ఫోను తిరిగి చేతికిస్తే మాత్రం, ఏడిస్తే ఫోను వస్తుందనే పాఠమే వాడికి మిగులుతుంది.

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. ఏడుపు మొదలుపెడితే గుక్కపట్టి నీలంగా మారిపోతుంది, ఒకటి రెండుసార్లు స్పృహ కూడా తప్పింది. ఇటువంటి ఊపిరి ఆటలు నేర్పితే తగ్గుతుందా?
— ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఇది ఆటలతో తగ్గేది కాదు, దయచేసి ముందు పిల్లల వైద్యునికి చూపించండి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల మధ్య కొందరు పిల్లలలో ఇలా గుక్కపట్టడం కనిపిస్తుంది. పాప కావాలని చేస్తున్నది కాదు. చాలావరకు నిమిషంలోపే ఊపిరి దానంతటదే తిరిగివస్తుంది, వయసు పెరిగే కొద్దీ పోతుంది. అయితే ఇటువంటి పిల్లలలో ఇనుము లోపం, రక్తహీనత తరచుగా ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష అవసరం. లోపం ఉంటే వైద్యుడు ఇచ్చే ఇనుము మందుతో గుక్కపట్టడం కూడా తగ్గవచ్చు. ఆ సమయంలో పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో వేలు, చెంచా పెట్టడం, కుదపడం, ముఖాన నీళ్లు కొట్టడం, చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వంటివి చేయకండి. నిమిషం దాటినా, ఒళ్లు కొట్టుకున్నా, ఏడుపు లేకుండానే స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పనిలో పనిగా మిగతా పాఠకులకు కూడా ఒక మాట. ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ ఏడవకుండా, స్థిమితంగా ఉన్నప్పుడు నిమిషానికి 40 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింది భాగం లోపలికి పోతున్నా, అది ఉక్రోషమని కూర్చోకూడదు. ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచరును. మా కేంద్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ఉన్నారు. ఉదయం తల్లులు ఉపాధి పనికి వెళ్లిపోయేటప్పుడు ఒకరు మొదలుపెడితే అందరూ ఏడుస్తారు. కొనడానికి డబ్బు లేదు. ఇక్కడ దొరికేవాటితో ఏమైనా చేయవచ్చా?
— చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: చేయవచ్చు, కాని ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక బడిలో పదిహేనుమంది పిల్లలకు ఒకేసారి కాగితపు గిరకలు పంచిపెట్టి ఊదమన్నాను. అయిదు నిమిషాలలో అది ఎవరి గిరక వేగంగా తిరుగుతుందనే పందెం అయింది. అతిగా ఊదిన ఇద్దరికి కళ్లు తిరిగాయి, ఒకడు గిరక పుల్లతో పక్కవాణ్ణి పొడిచాడు. వస్తువులు రెండు మూడు చాలు; వాటిని ఒక మూల చాపమీద పెట్టి, ఇద్దరు ముగ్గురిని మాత్రమే పంపండి. ఆ మూలను శిక్ష చోటుగా ఎన్నడూ వాడకండి. ‘ఏడిస్తే అక్కడ కూర్చోబెడతాను’ అన్న మాట ఒక్కసారి వచ్చిందంటే ఆ చాప ఇక దేనికీ పనికిరాదు.

గిరకకు తాటాకు ఎంతో బాగుంటుంది. అయితే పూర్వం ఇరుసుగా తుమ్మముల్లు గుచ్చేవారు, ఈ వయసువాళ్లకు అది వద్దు. ఆకుకు రంధ్రం చేసి, మొన విరిచిన కొబ్బరి ఈనె దూర్చి, రెండు చివరలా దారం గట్టిగా చుట్టండి. నోటితో పట్టుకొని ఊదే ఈలలు, బూరలు ఒకరివి ఒకరికి ఇవ్వడం వల్ల జలుబులు పాకుతాయి కాబట్టి పెదవి తగలని ఆటలే కేంద్రానికి మంచివి. వెడల్పాటి పళ్లెంలో వేలిమందం నీళ్లు పోసి, కాగితపు పడవను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఊదించడం అన్నిటికంటే సులువు. తల్లి వెళ్లేముందు రెండు నిమిషాలు బిడ్డతో కలిసి ఆ పడవను దాటించి, ‘మధ్యాహ్నం వస్తాను’ అని చెప్పి వెళ్లమనండి. బిడ్డ చూడకుండా జారుకోవడం ఆ పూటకు సుఖంగా ఉన్నా, మరునాడు గుమ్మం దగ్గర నుంచే చీర కొంగు వదలనివ్వదు.

చప్పుడుతో కూడా ఊపిరి నెమ్మదిస్తుంది. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుపొందిన ఊరు. ఆ తీరు కంచుగిన్నె ఎవరింట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. గిన్నెను అరచేతిలో నిలిపి చెక్కగరిటెతో ఒక్కసారి మెల్లగా తట్టి, చప్పుడు వినిపిస్తున్నంతసేపూ చేయి ఎత్తి ఉంచమనండి, ఆగిపోగానే దించమనండి. మోత సన్నబడుతున్న కొద్దీ గది నిశ్శబ్దమవుతుంది, ఎందుకంటే ఎవరు మాట్లాడినా చివరి మోత వినబడదు. చెవులు మూసుకొనే బిడ్డ ఉంటే బలవంతపెట్టక, గిన్నె బయటి అంచుకు వేలికొన తాకించి ఆ ప్రకంపన తెలియనివ్వండి. కొందరికి చెవి కంటే వేలే నచ్చుతుంది. భోజనమయ్యాక పడుకోబెట్టినప్పుడు పొట్టమీద మడతపెట్టిన తువ్వాలో గుడ్డబొమ్మో ఉంచి, ‘బొమ్మను నిద్రపుచ్చు’ అంటే పొట్ట లేచి దిగడాన్ని వాళ్లే చూసుకుంటారు.

వాసన కోసం మరువం, దవనం, దంచిన ఏలకులు పలుచని గుడ్డలో గట్టిగా మూటకట్టి ఇవ్వవచ్చు. కర్పూరం, నీలగిరి తైలం, జలుబు బామ్‌లు, బట్టలలో వేసే కలరా ఉండలు మాత్రం పిల్లల చేతికి అందనివ్వకండి. కర్పూరం కొద్దిగా మింగినా పసివాళ్లకు మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. ఊదడానికి బుడగలు, అంటే రబ్బరు బెలూన్లు ఎవరైనా తెచ్చినా తీసుకోకండి; ఊదని బెలూనుగాని, పగిలిన ముక్కగాని గొంతుకు అడ్డం పడితే తీయడం చాలా కష్టం. ఎనిమిదేళ్లలోపు వారికి ఈ ప్రమాదం ఉంటుంది.

వారాలు గడిచినా ఏ విధంగానూ కుదురుకోని బిడ్డ, పిలిస్తే తిరిగి చూడని బిడ్డ, మామూలు చప్పుళ్లకే తల్లడిల్లే బిడ్డ ఉంటే, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చే వైద్యబృందానికి తప్పక చూపించండి. ఊపిరి ఆటలు ఆ పరీక్షకు బదులు కావు.

ప్రశ్న: యు.కె.జి. చదివే మా అబ్బాయిని కపాలభాతి, కుంభకం నేర్పే శిబిరంలో చేర్చవచ్చా?
— విజయనగరం

జవాబు: వద్దు. వేగంగా గాలి చిమ్మేవి, ఊపిరి బిగబట్టేవి ఈ వయసుకు తగవు. పెదవులు మూసి తుమ్మెదలా ‘మ్…’ అని మూలిగే భ్రామరిని మాత్రం, చెవులు మూసుకోమని ఒత్తిడి చేయకుండా, ఆటగా ఆడవచ్చు.

ప్రశ్న: అమ్మా, మాది ఉద్దానం. తిత్లీ తుపానులో మా కొబ్బరి తోట, జీడి తోట పోయాయి, ఇంటి రేకులు లేచిపోయాయి. అప్పటి నుంచి గాలి కొంచెం ఈల వేసినా నా ఒళ్లు వణుకుతుంది. కొడుకు, కోడలు హైదరాబాదులో పనిచేస్తారు, అయిదేళ్ల మనవడు నా దగ్గరే ఉంటాడు. వాడు ఆ తుపాను చూడనేలేదు, అయినా గాలి వేస్తే నా చీర పట్టుకొని గజగజలాడతాడు. వాడికి ఏం నేర్పను?
— కవిటి మండలం

జవాబు: అమ్మా, తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే పలాస దగ్గర తీరం దాటింది. మీ మనవడు పుట్టకముందే అయిపోయిన తుపాను అది. వాడు దాన్ని చూసింది మీ ఒంట్లో. గాలి లేచినప్పుడు మీరు వాణ్ణి దగ్గరకు లాక్కొని గట్టిగా పట్టుకుంటారు, మీ ఊపిరి ఆగి ఆగి వస్తుంది, వాడి వీపు మీ గుండెకు ఆని ఉంటుంది. మీరు మాటతో ఎంత ధైర్యం చెప్పినా వాడికి అందేది ఆ ఊపిరే. ఇందులో మీ తప్పేమీ లేదు. అంత నష్టం చూసిన మనిషికి ఒళ్లు వణకడం సహజం.

అందుకని నేర్పడం మీతో మొదలుపెడదాం. మీకు వచ్చిన జోలపాట ఏదైనా సరే, మాటలు లేకుండా, పెదవులు మూసి, రాగం మాత్రం తీయండి. మూసిన పెదవుల వెనుక రాగం తీస్తే గాలి నెమ్మదిగా తప్ప బయటికి రాదు, కాబట్టి మీ ఊపిరి దానంతటదే పొడవవుతుంది. వాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకొని, వాడి వీపు మీ గుండెకు ఆనేటట్టు చూసుకొని, రోజూ పడుకొనే ముందు ఇలా అయిదు నిమిషాలు చేయండి. ఆ మోత వాడి వీపుకు తెలుస్తుంది. కొద్ది రోజులకు వాడూ గొంతు కలుపుతాడు. గాలి లేని రాత్రులలో అలవాటైన రాగం, గాలి లేచిన రాత్రి పనికివస్తుంది.

రెండోది వాడికోసం. కొబ్బరాకుతో ఒక గిరక, ఒక బూర చేసి ఇవ్వండి. మీ ఊళ్లో చేయడం రానివాళ్లు ఉండరు. మొదట నట్టింట్లో కూర్చొని, వాడి నోటి గాలితోనే గిరక తిప్పమనండి. గిరకను తిప్పేంత గాలి తనలోనే ఉందని తెలిశాక, సాయంత్రం చిరుగాలి వేళ అరుగుమీదికి తీసుకువెళ్లి దానంతటది తిరగడం చూపించండి. ఇంకో వారానికి తోట గట్టుదాకా వెళ్లండి. వెనక్కి వస్తానంటే వెంటనే వచ్చేయండి, బలవంతం వద్దు. తుపాను హెచ్చరిక నిజంగా వచ్చిన రోజున ‘ఏమీ కాదు’ అని అబద్ధం చెప్పకుండా, ‘పెద్ద గాలి వస్తుందట, మనం పక్కా భవనంలోకి వెళ్తున్నాం, టార్చిలైటు నువ్వు పట్టుకో’ అని వాడికి ఒక పని అప్పగించండి.

మీకు రాత్రులు నిద్ర పట్టకపోతున్నా, ఆ రోజే మళ్లీ మళ్లీ కళ్లముందుకు వస్తున్నా టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి, మీ అబ్బాయితో కూడా ఒక మాట చెప్పండి. టీవీలో వాయుగుండం అని వినగానే హైదరాబాదు నుంచి ఫోను చేసి ‘భయపడుతున్నావా నాన్నా’ అని పిల్లవాణ్ణి అడగడం మానమనండి. ఈరోజు గిరక తిరిగిందా అని అడగమనండి.